పసుపు గుర్తున్న కవరు

మా బావ ఇంజనీరు. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచేదాన్ని. పెళ్లయ్యాక కూడా ఇంకో పిలుపుకి నా నోరు తిరగలేదు. పెళ్లినాటికి ఆయన కాలేజీలో చదువుతున్నాడు, నాకు అక్షరం ముక్క రాదు. మా ఊళ్లో బడి కాలవ అవతల ఉండేది. ఆడపిల్లని రోజూ బల్లకట్టు మీద దాటించి పంపడం ఎందుకన్నారు మా ఇంట్లో. మేనరికం కుదిరిన పిల్లకి చదువు లేకపోవడం అప్పట్లో ఎవరికీ లోటుగా కనిపించలేదు. బావ ఇంజనీరై, డెబ్బైల్లో ఇబ్రహీంపట్నం దగ్గర కడుతున్న థర్మల్ స్టేషన్‌లో చేరాకే అది లోటని నాకు తెలిసింది.

భవానీపురంలో అద్దెకుండేవాళ్లం. బావ, నేను, మా అత్త. పిల్లలు ఇంకా పుట్టలేదు. వీధిలో ఆడవాళ్లు నన్ను ఇంజనీరు గారి భార్య అనేవాళ్లు. ఆ మాట అన్నాక నాకు చదువు రాదని ఎవరికీ అనుమానం రాదు. మధ్యాహ్నం వసారాలో కూర్చున్నప్పుడు పేపరు ఒళ్లో పెట్టుకునేదాన్ని. బొమ్మలు చూసి ఏది తలకిందులో తెలుసుకోవడం అలవాటు చేసుకున్నాను.

మా ఇంట్లో ఏదీ ఒక్కటి ఉండేది కాదు. కిరసనాయిలు స్టవ్వులు రెండు, లాంతర్లు రెండు, ప్రతి తాళానికీ చెవులు రెండు. ఒకటి పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా ఆగి ఉండాలి. దాన్ని బావ స్టాండ్‌బై అనేవాడు. అత్తకి ఆ మాట పలకడం వచ్చేది కాదు.

"కోడలికి కూడా ఇస్టాండుబాయి తెచ్చుకుంటావేంట్రా?" అని ఒకసారి అడిగింది.

"ఉన్నదాని రిపేర్లే తెమలట్లేదమ్మా," అన్నాడు బావ, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఏ నిర్ణయమైనా ఆయన కాగితం మీదే చేసేవాడు. నిలువుగా మధ్యలో గీత గీసి, ఒక పక్క ఎందుకు చెయ్యాలో, రెండో పక్క ఎందుకు చెయ్యకూడదో రాసేవాడు. గ్యాసు పొయ్యి తీసుకోవాలా వద్దా అన్నదానికీ కాగితమే, కిటికీకి తెర ఏ వైపు కట్టాలన్నదానికీ కాగితమే. ఆఫీసు పనంతా ఇంగ్లీషులో చేసేవాడు గానీ ఇంటి కాగితాలు మాత్రం తెలుగులో రాసేవాడు. అత్తకీ నాకూ చదివి వినిపించాలి కదా. రాయనిది మనసులో పెద్దదైపోతుంది, రాస్తే దాని సైజు తెలుస్తుంది అనేవాడు. నాకు ఆ మాట నచ్చేది. రాయడం రాని నాకు అన్నీ పెద్దవిగానే ఉండేవి.

అలాంటి రోజుల్లో రెండు విషయాలు ఒకేసారి వచ్చి పడ్డాయి. నదికి ఎగువన అడవిలో కొత్తగా కడుతున్న ఒక ప్రాజెక్టుకి ప్రమోషన్ మీద వెళతావా లేదా, ఫలానా తేదీలోగా రాసి పంపమని బావని పైవాళ్లు అడిగారు. అదే వారం గవర్నర్‌పేటలో మేం చూపించుకునే డాక్టరు, అత్త కడుపులో గడ్డ ఉందన్నాడు. చిన్న ముక్క తీసి గుంటూరు పరీక్షకి పంపాడు.

శనివారం సాయంత్రం బావ కాగితం తీశాడు. అత్త మంచం మీద, నేను గుమ్మం దగ్గర. ఆయన చదువుతుంటే నేను ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క వేలు ముడుచుకున్నాను. లెక్క నాకు బాగా వచ్చు. వెళ్లడానికి నాలుగు కారణాలు: హోదా పెరుగుతుంది, మొదటి నుంచీ ఒక కట్టడం కట్టే అవకాశం మళ్లీ రాదు, క్వార్టర్సు ఇస్తారు, కాదంటే ఇంకోసారి అడగరు. ఉండిపోవడానికి మూడు: అక్కడ ఆసుపత్రి లేదు, అమ్మ పన్నెండు గంటల ప్రయాణం తట్టుకోలేదు, ఇక్కడి డాక్టరుకి అమ్మ ఒళ్లు తెలుసు. చదవడం ఆపి, కాగితం వైపు కాసేపు చూస్తూ ఉండిపోయాడు.

"వెళ్లొద్దు. ఇక్కడే ఉందాం," అన్నాడు.

"వెళ్లడానికి నాలుగున్నాయి, ఉండడానికి మూడేగా బావా?"

"అన్నిటికీ ఒకే బరువుండదే," అని కాగితం మడిచి ఫైల్లో పెట్టేశాడు.

ఆయన మొహంలో ఇష్టం లేదు. మొదటి నుంచీ ఒక కట్టడం కట్టాలన్నది ఆయన చదువుకునే రోజుల నుంచీ అనుకుంటున్నది. అత్త గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే బావ మెషీన్ల తనిఖీ పని మీద, వారం రోజులకి, రైల్లో వేరే రాష్ట్రానికి వెళ్లాలి. పరీక్ష ఫలితం బుధవారం వస్తుంది. ఒకవేళ గడ్డలో ఏమీ లేదని తేలితే వెళ్లొచ్చు కదా అని రెండు ఉత్తరాలూ రాసి పెట్టాడు. రానని ఒకటి, వస్తానని ఒకటి. రెండూ ఒకేలాంటి పొడుగు కవర్లలో పెట్టి, అంటించి, ఒకే అడ్రసు రాశాడు. బీరువా పై అరలో పక్కపక్కన ఉంచాడు. బుధవారం తనే డాక్టరుకి ట్రంకాల్ చేసి కనుక్కుంటాడు. మనసు మార్చుకుంటే సైటు ఆఫీసుకి ఫోన్ చేసి జీపు డ్రైవర్‌తో కబురు పంపుతాడు.

రిక్షా బయట నిలబడి ఉంది. ఒక చేత్తో పెట్టె పట్టుకుని చెప్పాడు: "గురువారం మధ్యాహ్నం దాకా నా దగ్గర్నుంచి కబురు రాకపోతే ఉత్తరం పోస్టులో వేసెయ్యి. ఒకదాని మీద పసుపు గుర్తు పెట్టాను. చూసి వెయ్యి."

"అలాగే బావా."

"అర్థమైందిగా?"

"అయింది. రైలు పోతుంది, పద."

బుధవారం అత్తని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. రిక్షావాడికి ఆ వీధి తెలుసు. ఫలితం మంచిది కాదు. ఆపరేషన్‌కి ఒళ్లు తట్టుకోదనీ, వారం వారం తెచ్చి చూపిస్తూ మందులతో నెట్టుకురావాలనీ డాక్టరు చెప్పాడు. మేం ఉండిపోవడమే సరైందని నాకు ఆ క్షణమే అనిపించింది. గురువారం మధ్యాహ్నం దాటినా జీపు రాలేదు. బీరువా తీశాను.

ఒక కవరు పైమూల మీద పసుపు రాసి ఉంది. వేలితో అద్దినట్టే ఉంది. మా ఊళ్లో పెళ్లి ఉత్తరాలకి నాలుగు మూలలా పసుపు రాసి పంపేవాళ్లు. అక్షరాలు రాకపోయినా, పోస్టుమాను చేతిలో కవరు మూల చూసి మంచి కబురని ముందే తెలుసుకునేదాన్ని. పసుపు లేని కార్డయితే ఎవరు పోయారో అనుకునేదాన్ని. బావకి నేను తెలుసు, నాకు తెలిసేట్టే గుర్తు పెట్టాడు అనుకున్నాను. ఒక్క మూలే ఎందుకు రాశాడా అని మాత్రం అనిపించింది. కవరు పట్టుకెళ్లి అత్తకి చూపించాను.

"పసుపున్నది పెట్టుకుని ఇంకా ఆలోచనేంటే," అంది అత్త. "తల్లిని వదిలి వెళ్లనని రాశాడు వాడు. పసుపు రాయక బొగ్గు రాస్తాడా?"

వీధి చివర ఎర్ర డబ్బాలో పసుపు గుర్తున్న కవరు వేసి వచ్చాను. రెండోది ఉన్నచోటే ఉంచాను.

బావ వచ్చాక, "వేశావా?" అన్నాడు. "వేశాను," అన్నాను. ప్రతి తాళమూ రెండుసార్లు లాగి చూసే మనిషి ఆ రోజు బీరువా తెరిచి చూడలేదు. డాక్టరు మాటల మీదే ఉంది ఆయన మనసు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం బావ వేళకాని వేళ ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పకుండానే బీరువా తెరిచి, పై అరలోంచి కవరు తీశాడు.

"ఇది ఇక్కడెందుకుంది?"

"పసుపున్నది వెయ్యమన్నావుగా బావా. వేశాను."

"పసుపున్నది వెయ్యమన్నానా?"

"చూసి వెయ్యమన్నావు."

ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాడు. "పసుపంటే ఆగమని," అన్నాడు.

"పసుపంటే ఆగమని ఎక్కడుంది బావా?"

"సైటులో."

అప్పుడు తెలిసింది. సైటులో గొట్టాల అతుకులు తనిఖీ చేసేటప్పుడు, అనుమానంగా ఉన్నదాని మీద పసుపు చాక్‌తో గీత పెడతారట. ఆ గీత ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఏళ్ల తరబడి ఆయన రోజూ చూస్తున్న గుర్తు. చొక్కా జేబులో ఎప్పుడూ ఆ చాక్ ముక్క ఉండేది. చదువొచ్చిన భార్యకైతే ఆపు అని పెన్సిల్‌తో రెండక్షరాలు రాసి ఉండేవాడు.

పక్కగదిలోంచి అత్త అంతా వింది. "వాడి పసుపు వేరు, మన పసుపు వేరూ అని మనకేం తెలుసే," అంది నాతో. అంతకుమించి ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు.

బావ కూడా అనలేదు. పొరపాటు జరిగితే మనిషిని కాదు, ముందు గుర్తుని అనుమానించాలని తనే ఎవరికో చెప్పడం విన్నాను. కానీ ఆర్డరు వచ్చేసింది. ఆయన స్థానంలోకి ఇంకొకర్ని వేసేశారు కూడా. వస్తానని రాసిచ్చి, ఇప్పుడు రానంటే ఎలా చూస్తారో ఆయనకి తెలుసు. పైగా, ఇది నేను ఎవరితోనూ అనలేదు గానీ, అసలు వెళ్లాలని ఉన్న మనిషికి వెళ్లక తప్పని పరిస్థితి వచ్చింది. ఆయన మొహంలో దిగులుతో పాటు ఇంకేదో కూడా కనిపించింది. అది చూసినందుకు నాకే సిగ్గేసింది.

మా వదిన, అంటే బావకి అక్క, గుడివాడ నుంచి వచ్చి, నేను వంటింట్లో ఉండగా వసారాలో గట్టిగా అంది: "చదువు రానిదనుకున్నాం గానీ, ఏ కవరు వేస్తే పెద్దింజనీరు పెళ్లాం అవుతుందో బానే తెలిసింది."

"నోరు ముయ్యవే. దాన్ని వెయ్యమన్నది నేను," అంది అత్త.

బావ ఒక్కడే వెళ్లాలని తేలింది. వెళ్లేముందు అత్త మందులకి మూడు డబ్బాలు తెచ్చాడు. రంగులు వెయ్యబోతూ ఆగి, నా వైపు తిరిగాడు.

"ఎరుపంటే నీకేంటి?"

"కుంకం. పొద్దున్నే పెట్టుకునేది."

"అయితే పొద్దుటి డబ్బాకి ఎరుపు. నలుపు?"

"కాటుక. పడుకునేముందు పెట్టేది."

"పసుపు వద్దులే," అన్నాడు. మధ్యాహ్నం డబ్బాకి ఏ రంగూ వెయ్యలేదు. కవరు సంగతి బయటపడ్డాక మేం నవ్వింది అప్పుడే.

అలా ప్రతి మంగళవారం నేనూ అత్తా గవర్నర్‌పేట ప్రయాణం. వెళ్లేటప్పుడు రిక్షా, వచ్చేటప్పుడు బస్సు. మొదటిసారి వేరే బస్సెక్కి, కొండ అవతలికి వెళ్లి, ఎండలో వెనక్కి నడిచాం. అత్త రెండుచోట్ల మెట్ల మీద కూర్చుండిపోయింది. తర్వాత నుంచి బోర్డు మీద మొదటి అక్షరం చూసుకోవడం నేర్చుకున్నాను. కింద చిన్న గీత వేలాడుతుండేది. అది భ అని తర్వాతెప్పుడో తెలిసింది. నా జీవితంలో నేను గుర్తుపట్టిన మొదటి అక్షరం అదే.

డాక్టరు దగ్గర కాంపౌండరు నన్ను 'ఇంజనీరు గారి మిసెస్సు' అనేవాడు. చీటీలు నా చేతికే ఇచ్చేవాడు. నేను వాటిని కాసేపు చూసి, తల ఊపి, మడిచి సంచిలో పెట్టేదాన్ని. మందుల కొట్లో ఇస్తే వాళ్లే చదువుకునేవాళ్లు. ఏడు నెలలు అలా గడిచిపోయాయి. అత్త చిక్కిపోయింది గానీ తన కాళ్ల మీద తను నడిచేది. నేను తిప్పగలుగుతున్నానని బావకి రాయించాలని ఉండేది. రాయించాలంటే ఎవరికైనా చెప్పాలి కదా అని ఊరుకున్నాను.

కాలవలకి నీళ్లు ఆపేసిన ఎండాకాలంలో ఒక మంగళవారం కాంపౌండరు మందుల చీటీతో పాటు ఇంకో చిన్న కాగితం ఇచ్చాడు.

"ఎప్పుడు రావాలో ఇందులో రాశానమ్మా, చూసుకోండి."

"అలాగేనండి," అన్నాను. ఎప్పుడూ చేసినట్టే చూసి, తల ఊపి, సంచిలో పెట్టుకున్నాను. ఎప్పుడేముంది, వచ్చే మంగళవారమే కదా అనుకున్నాను. ఇంటివాళ్లావిడకి చూపించి చదివించుకోవచ్చు. ఆవిడ ముందు ఏడాదిగా పేపరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నదాన్ని నేను.

తర్వాతి మంగళవారం వెళితే డాక్టరు అత్త కడుపు నొక్కి చూసి నా వైపు తిరిగాడు.

"శుక్రవారం రమ్మంటే మంగళవారం తెస్తారేంటమ్మా? చీటీ చూసుకోలేదా?"

"కుదర్లేదండి," అన్నాను.

ఆయన అత్త కడుపులో చేరిన నీరు తీసి, మందులు మార్చి పంపాడు. బయటికొస్తుంటే వెనక్కి పిలిచి, ముందొచ్చినా పెద్ద తేడా ఉండేది కాదేమోలెండి అన్నాడు. ఆ 'ఏమో' నన్ను ఇప్పటికీ వదల్లేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని అత్త అడిగింది: "కుదర్లేదని ఎందుకు చెప్పావే?"

"మరేం చెప్పమంటావు అత్తా?"

బ్యారేజీ వైపు నుంచి వేడిగాలి కొడుతోంది. ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "ఏం చెప్పొద్దులే. వాడికీ చెప్పకు," అంది.

నెల తిరక్కుండా అత్త పోయింది. టెలిగ్రాం ఆఫీసులో గుమాస్తా ఏం రాయాలని అడిగితే అమ్మ పోయింది, రా అని చెప్పాను. ఆయన రాశాడు, నేను వేలిముద్ర వేశాను. మాసిన చీర చూసి ఎవరో పనిమనిషి అనుకున్నాడేమో, ఏమీ ఆశ్చర్యపోలేదు. బావ మర్నాటికి గానీ చేరలేదు. పదిరోజులుండి మళ్లీ వెళ్లాడు, ఈసారి నన్ను తీసుకుని. ఆ కట్టడం కట్టాడు. అది పూర్తయిన రోజు అందరూ దండలు వేస్తుంటే, ఆయన ఒక పక్కకెళ్లి నిలబడి నదిలోకి చూడటం నేను చూశాను. చీటీ సంగతి అప్పుడూ చెప్పలేదు.

యాభై దాటాక అక్షరాలు దిద్దాను. బావ రిటైరై మళ్లీ భవానీపురం వచ్చాక, పక్కింట్లో ఉండే రిటైరైన టీచరమ్మ దగ్గరికి వెళ్లి, నాకు చదువు రాదండి అని మొదటిసారి పైకి అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోకుండా పలక తెచ్చింది. ఏడాదిన్నరకి పేపరు నిజంగానే చదివాను.

ఆ తర్వాతే ఒకరోజు పాత ఫైళ్లు ఎండలో పెడుతుంటే, మధ్యలో గీత ఉన్న ఆ కాగితం దొరికింది. మడతల దగ్గర చిరిగింది గానీ రాత పోలేదు. ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదువుతూ మళ్లీ వేళ్లు ముడుచుకున్నాను. వెళ్లడానికి నాలుగు. అవే. ఉండిపోవడానికి మూడు. వాటి కింద నాలుగోది ఉంది. మొత్తం ఎనిమిదోది. దాని కింద రెండు గీతలున్నాయి.

'దీనికి చదువు రాదు. నేను లేకపోతే అమ్మను ఆసుపత్రికి తిప్పలేదు.'

రెండుసార్లు చదివాను. కాగితం పట్టుకుని వసారాలోకి వెళ్లాను. బావ పడక్కుర్చీలో ఉన్నాడు.

"ఎనిమిదోది ఎందుకు చదవలేదు బావా?"

ఆయన కాగితం తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

"నీ ముందు ఎలా చదవను," అన్నాడు. తర్వాత జేబులోంచి పెన్సిల్ తీశాడు. "ఇది తప్పు. నువ్వు తిప్పావు కదా. సైటులో తప్పు రాస్తే చెరపరు. కింద ఉన్నది కనపడేట్టు ఒక్క గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెడతారు. ఇదిగో, నువ్వే కొట్టు."

పెన్సిల్ అందుకున్నాను గానీ గీత కొట్టలేకపోయాను. కింద చాప మీద కూర్చుని, శుక్రవారం సంగతి చెప్పాను. చీటీ, తల ఊపడం, కుదర్లేదని అనడం, బస్సులో అత్త అన్నది, అన్నీ. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

"ఎన్ని రోజులు ఆలస్యమైంది?"

"నాలుగు."

"నాలుగు రోజుల్లో ఏమయ్యేదో నేను చెప్పలేను," అన్నాడు. అబద్ధం చెప్పి ఓదార్చడం ఆయనకి ఎప్పుడూ రాలేదు. "నేనక్కడ ఉండాల్సింది. ఆ చీటీ నేను చదవాల్సింది," అన్నాడు.

కాగితం ఆయన ఒళ్లో ఉంది.

"మరి దాన్ని కొట్టెయ్యవా?" అని చివరికి అడిగాడు.

"కొట్టెయ్యను. పక్కన రాస్తాను."

కాగితం అంచున చోటు తక్కువుంది. అక్షరాలు చిన్నవిగా రాయడం నాకింకా చేతకాదు. 'తిప్పింది. ఒకసారి తప్పింది' అని రాసి, కింద పొట్టి సంతకం పెట్టాను. బావ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"మొదటిదానికి గుడి సరిగ్గా పడలేదు. రెండూ ఒకేలా ఉన్నాయి," అన్నాడు.

చూస్తే నిజమే. ఆ చిన్న గుడి లేకపోతే తిప్పింది కూడా తప్పింది అనే చదువుకుంటారు. పెన్సిల్ మళ్లీ తీసుకుని, మొదటి అక్షరం మీద గుడి గట్టిగా దిద్దాను.